పాత్ర మరణించాక ఆట ఎలా సాగాలి: ఫాంటసీ రోల్‌ప్లేయింగ్‌లో ప్రాచీన ఈజిప్టు ఆత్మ భావన, గేమ్ మాస్టర్లకు సమగ్ర మార్గదర్శి

ఆటగాళ్ళు తలొక పాత్రగా, కథ నడిపే గేమ్ మాస్టర్‌తో కలిసి బల్ల దగ్గర ఆడే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో, డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడినప్పటి నుంచి, ఆత్మను గురించిన ఊహ పెద్దగా మారలేదు. పాత్ర ప్రాణబలాన్ని లెక్కించే హిట్ పాయింట్లు సున్నాకు చేరగానే ఆత్మ విడదీయరాని ఒకే వస్తువుగా శరీరాన్ని వదిలిపోతుంది, పూజారి పాత్ర మంత్రం వేస్తే అదే తిరిగి వచ్చి శరీరంలో చేరుతుంది. కథ ఈజిప్టులో జరుగుతున్నప్పుడు కూడా ఇసుక, పిరమిడ్లు, జంతుముఖాల దేవతలు వచ్చి చేరతారు గాని ఈ లెక్క మాత్రం అలాగే ఉండిపోతుంది. ప్రాచీన ఈజిప్షియన్ల నమ్మకంలో మనిషి అనేక అంశాల కూర్పు. మరణం ఆ కూర్పు చెదిరిపోవడం, అంత్యక్రియలు దాన్ని మళ్ళీ కూర్చడానికి జరిగే సుదీర్ఘమైన పని. ఆ పనికి మనుషులు, వస్తువులు, గడువు, డబ్బు, రహస్య జ్ఞానం అన్నీ కావాలి కాబట్టి, దాన్ని నిజాయితీగా ఆటలోకి తెస్తే పాత్ర మరణం దగ్గర ఆగిపోయే కథ అక్కడి నుంచే కొత్తగా మొదలవుతుంది.

తెలుగు ఆటగాళ్ళతో ఆడేటప్పుడు మొదటే ఒక జాగ్రత్త చెప్పడం మంచిది. ఆత్మ అనగానే మనకు పునర్జన్మ, కర్మఫలం తలపుకు వస్తాయి. ఈజిప్షియన్ల ప్రకారం ఆత్మ 3000 ఏళ్ళపాటు సకల జంతువుల దేహాల్లో తిరిగి మళ్ళీ మనిషిలో చేరుతుందని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు గాని, ఈజిప్టు సొంత గ్రంథాల్లో అలాంటి బోధ కనిపించదు. వారి కోరిక మరో జన్మ ఎత్తాలని కాదు. ఇదే పేరుతో, ఇదే దేహంతో, ఇదే వ్యక్తిగా కొనసాగాలని.

మొదటి మెట్టు: కాలాన్ని ఖాయం చేసుకోండి

ఈజిప్టు మత చరిత్ర మూడు వేల ఏళ్ళది, అందులో నమ్మకాలు మారుతూ వచ్చాయి. క్రీ.పూ. 2350 ప్రాంతంలో సక్కారాలోని ఉనాస్ రాజు పిరమిడ్ లోపలి గోడల మీద తొలిసారి చెక్కిన మంత్రాలు రాజు కోసం ఉద్దేశించినవి. తరువాత వచ్చిన మధ్య రాజ్యం అనే దశలో అలాంటి మంత్రాలు అధికారుల శవపేటికల మీదికి వచ్చాయి. ఆ తరువాతి దశ అయిన కొత్త రాజ్యంలో పపైరస్ చుట్టల మీద రాసిన మృతుల గ్రంథం స్తోమత ఉన్నవారికి కొనుక్కునే వస్తువైంది. అన్ని కాలాలనూ కలిపేస్తే ఆట అలంకరణగా మిగిలిపోతుంది.

నా సలహా కొత్త రాజ్యపు చివరి దశ, క్రీ.పూ. 12వ శతాబ్దపు థీబ్స్ నగరం. రాజుల సమాధులు తొలిచే పనివారు దేర్ ఎల్ మదీనా ఊళ్ళో ఉండేవారు. మూడవ రామ్సెస్ పాలనలో 29వ సంవత్సరాన ధాన్యం జీతం అందక వాళ్ళు పని ఆపి ఆలయాల దగ్గర బైఠాయించారు. తొమ్మిదవ రామ్సెస్ పాలనలో 16వ సంవత్సరాన సమాధి దొంగల విచారణ జరిగింది, ఆ వాంగ్మూలాలు నేటికీ మిగిలాయి. సోబెకెమ్‌సాఫ్ రాజు, రాణి మమ్మీల మీది బంగారం ఒలిచి, పేటికలకు నిప్పు పెట్టామని ఒక రాతిపనివాడు ఒప్పుకున్నాడు. అంతకుముందు ఒకసారి పట్టుబడినప్పుడు తన వాటా అయిన 20 దెబెన్‌ల (దెబెన్ ఈజిప్టు తూనిక) బంగారాన్ని పేట గుమాస్తాకు ఇచ్చి బయటపడ్డానని కూడా చెప్పాడు. ఆకలితో ఉన్న పనివాళ్ళు, లంచగొండి అధికారులు, పక్కనే కొండలో బంగారం: ఇంతకన్నా మంచి రంగస్థలం మీరు కల్పించనక్కరలేదు.

రెండవ మెట్టు: క్యారెక్టర్ షీట్‌లో ఐదు గడులు గీయండి

పాత్ర వివరాలు రాసుకునే ఆ కాగితంలో దేహంతో పాటు కా, బా, రెన్, ఇబ్, షూత్ అనే ఐదు గడులు చాలు. ఇంకా కొన్ని అంశాలున్నా, బల్ల మీద ఐదు దాటితే ఎవరికీ గుర్తుండవు.

కా అంటే ప్రాణశక్తి, పుట్టుకతోనే వచ్చే జంట రూపం. దేర్ ఎల్ బహ్రీలో, దేశాన్ని ఏలిన రాణి హత్షెప్‌సుత్ ఆలయంలో ఖ్నుమ్ దేవుడు కుమ్మరి సారె మీద ఆమె దేహాన్నీ కానూ పక్కపక్కనే మలుస్తున్న శిల్పం ఉంది. 1894లో దహ్షూర్‌లో దొరికిన హోర్ రాజు కొయ్య విగ్రహం తల మీద కా చిహ్నమైన రెండు ఎత్తిన చేతులుంటాయి. కాకు ఆహారం కావాలి, మరణం తరువాత కూడా కావాలి. ఆటలో దీనికి 10 పాయింట్లు ఇచ్చి, బతికి ఉన్నప్పుడు ఆకలి, అలసట, జబ్బు వల్ల జరిగే నష్టమంతా ఇక్కడి నుంచే తీసేయండి. మరణించాక ఈజిప్టు పంచాంగంలోని మూడు రుతువుల్లో ఒక్కొక్కటి గడిచేకొద్దీ ఒక పాయింటు తగ్గాలి, సమాధి దగ్గర రొట్టె, బీరు నైవేద్యం పెడితే పెరగాలి. మన పిండ ప్రదానం గుర్తుకొచ్చిన ఆటగాడికి ఈ నియమం వెంటనే పట్టుబడుతుంది. అయితే ఇక్కడి నైవేద్యం మృతుణ్ణి పితృలోకానికి సాగనంపేది కాదు, సమాధిలోనే ఉన్నవాడి రోజువారీ భోజనం. నైవేద్యం తేలేని బాటసారి కనీసం వెయ్యి రొట్టెలు, వెయ్యి కూజాల బీరు అంటూ సాగే సూత్రాన్ని పైకి చదివితే చాలునని సమాధి శాసనాలే వేడుకుంటాయి. కాబట్టి అపరిచితుడు చదివినా ఒక పాయింటు ఇవ్వండి. చదవడం వచ్చిన పాత్రకు దీనివల్ల అనూహ్యమైన విలువ వస్తుంది.

సాహసికులు పోగేసిన బంగారాన్ని ఏం చేసుకోవాలో తెలియకపోవడం ఈ ఆటల పాత జబ్బు. దానికి మందు కూడా కాలోనే ఉంది. మధ్య రాజ్యంలో అస్యూత్ ప్రాంతపు అధిపతి జెఫాయ్‌హాపీ తన విగ్రహానికి నైవేద్యం ఆగకుండా పూజారులతో పది ఒప్పందాలు చేసుకుని వాటిని సమాధి గోడ మీద చెక్కించాడు. మీ ఆటగాళ్ళు కూడా భూములు కొని, పూజారులను కుదుర్చుకుని, షరతులు రాయించుకోవాలి. రెండు తరాల తరువాత ఆ పూజారి మనవడు మాట తప్పడం మరో సాహసానికి మొదలవుతుంది.

బా మనిషి తలతో ఉన్న పక్షి. వ్యక్తిత్వం, ప్రభావం, కదలిక దీని లక్షణాలు. మరణించాక ఇది పగలు సమాధి దాటి బయట తిరుగుతుంది, రాత్రికి దేహం దగ్గరకు తిరిగి రావాలి. మృతుల గ్రంథంలో 89వ మంత్రం ఈ కలయిక కోసమే. డేగగా, కొంగగా, వానకోవెలగా, పాముగా, మొసలిగా, తామరగా మారే మంత్రాలు కూడా అందులో వరసగా ఉన్నాయి. ఆటగాడి పాత్ర చనిపోయినప్పుడు అతను ఖాళీగా కూర్చోకుండా చేసేది ఈ గడే: అతను ఇప్పుడు బా రూపంలో ఆడతాడు. ఎగరగలడు, వినగలడు, చూడగలడు, వస్తువులను కదపలేడు, సూర్యాస్తమయానికి దేహం చేరాలి. చేరలేకపోతే 20 ముఖాల డైస్ వేసి, 10 కన్నా తక్కువ పడితే ఒక జ్ఞాపకాన్ని షీట్ మీద నుంచి కొట్టేయించండి. ఏ జ్ఞాపకమన్నది ఆటగాడే ఎంచుకోవాలి, అప్పుడే ఆ నష్టం తగులుతుంది.

రెన్ అంటే పేరు. అఖెనాతెన్ రాజు మనుషులు ఆలయాలు తిరిగి అమూన్ దేవుడి పేరును ఉలితో చెక్కేశారు. మూడవ రామ్సెస్‌ను చంపడానికి అంతఃపురంలో కుట్ర పన్నినవారిలో కొందరి పేర్లను విచారణ పత్రంలో కావాలనే చెడగొట్టి, రా దేవుడు ఇతణ్ణి ద్వేషిస్తాడు అనే అర్థం వచ్చేలా రాశారు. శత్రువుల పేర్లు కుండల మీద రాసి పగలగొట్టే తంతు కూడా ఉండేది. ఆటలో పేరు ఎక్కడెక్కడ చెక్కి ఉందో షీట్ మీద చోట్లతో సహా రాయించండి. ప్రతి చోటూ ఒక కవచం, అన్నీ చెరిగితే ఆ పాత్రను ఏ మంత్రమూ పిలవలేదు.

షూత్ అంటే నీడ. నల్లని మనిషి ఆకృతిగా చిత్రిస్తారు, బాతో పాటు సమాధి నుంచి బయటికి వస్తుంది. దొంగ పాత్రకు గూఢచారిగా పనికొస్తుంది, అంతకుమించి దీన్ని సాగదీయకండి.

ఇబ్ హృదయం. ఆలోచన, జ్ఞాపకం, మనస్సాక్షి అన్నీ అక్కడే ఉంటాయని నమ్మారు కాబట్టే మమ్మీ చేసేవారు మెదడును ముక్కు గుండా తీసి పారేసి, హృదయాన్ని మాత్రం దేహంలోనే ఉంచేవారు. మెదడు తినే రాక్షసులు ఈ లోకంలో పస్తులుండక తప్పదు. ఈ గడిని ఆటగాడు నింపకూడదు. ప్రతి సెషన్ (ఒక విడత ఆట) తరువాత ఆ పాత్ర చేసిన పనుల్లో హృదయం మరువలేని ఒకదాన్ని గేమ్ మాస్టర్ ఒక్క వాక్యంలో రహస్యంగా రాసి దాచాలి. అంకెలు వద్దు, వాక్యాలే కావాలి. ఎందుకో తీర్పు దగ్గర తెలుస్తుంది.

మూడవ మెట్టు: దేహాన్ని ఇంటికి చేర్చండి

దేహం లేకపోతే బాకు చేరుకునే చోటు ఉండదు. అందువల్ల పరదేశంలో చావంటే ఈజిప్షియన్లకు భయం. ఆరవ రాజవంశ కాలంలో, ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియాలో మరణించిన తండ్రి మెఖును తీసుకురావడానికి కొడుకు సబ్నీ 100 గాడిదల మీద నూనె, తేనె, వస్త్రాలు ఎక్కించుకుని వెళ్ళిన వృత్తాంతం అస్వాన్ దగ్గరి అతని సమాధి గోడ మీద ఉంది. దీన్ని యథాతథంగా మీ సాహసంగా తీసుకోవచ్చు: మధ్యలో ఉన్న తెగల అధిపతులతో బేరాలు, ఎండలో పాడవుతున్న శవం, తండ్రి బా రోజూ సాయంత్రం వచ్చి ఎంత దూరం సాగారో అడగడం.

దేహం చేరాక 70 రోజుల గడువు నడుస్తుంది. నాట్రాన్ ఉప్పులో ఎండబెట్టడం, నారబట్టతో చుట్టడం, తాయెత్తులు పెట్టడం, కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణకోశం, పేగులను జాడీల్లో పెట్టి హోరస్ దేవుడి నలుగురు కొడుకుల రక్షణలో ఉంచడం ఇవన్నీ ఈ గడువులోనివే. ఒక్కొక్క పనిని డైస్‌తో తేల్చడం విసుగు పుట్టిస్తుంది. ఒకే ఒక్క లోపాన్ని ఎంచుకుని దాని చుట్టూ కథ నడపండి: నాసిరకం బట్ట, మారిపోయిన జాడీ, దొంగిలించిన తాయెత్తు. దేహం నాశనమయ్యే ప్రమాదం ఉంటే విగ్రహం ప్రత్యామ్నాయం అవుతుంది. సక్కారాలో జోసెర్ రాజు విగ్రహాన్ని మూసిన గదిలో కూర్చోబెట్టి, కళ్ళ ఎత్తున గోడకు రెండు రంధ్రాలు పెట్టింది ఇలాంటి నమ్మకంతోనే.

లేచి నడిచి మనుషుల గొంతు పిసికే మమ్మీ ఆధునిక కల్పన. ఈజిప్షియన్లకు మమ్మీ ఎంతో శ్రద్ధతో కాపాడుకోవలసిన దేహం. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. ఆ నగరంలో ఉండే ఆటగాళ్ళు క్యాంపెయిన్ (అనేక సెషన్ల పాటు సాగే కథ) మొదలుపెట్టే ముందు ఒకసారి చూసి వస్తే, మీరు బల్ల దగ్గర వర్ణించేదాని బరువు వారికి వేరే చెప్పనక్కరలేదు.

నాలుగవ మెట్టు: నోరు తెరిచే క్రతువు

సమాధి వాకిట మమ్మీని నిలబెట్టి, చిరుతచర్మం ధరించిన పూజారి బాడిస లాంటి పనిముట్టుతో నోటిని తాకుతాడు. ఆ తరువాతే మృతుడు తినగలడు, పలకగలడు. ఆటలో ఇది జరిగేవరకు నైవేద్యాల వల్ల కా పెరగకూడదు. ఇందులో రాజకీయం కూడా ఉంది: ఈ క్రతువు చేయవలసినవాడు వారసుడు. తూతన్‌ఖామున్ సమాధి గోడ మీద ఆ పని చేస్తూ కనిపించేవాడు అతని తరువాత సింహాసనమెక్కిన ఆయ్. మరణించిన పాత్రకు ఆస్తి ఉంటే, పనిముట్టు పట్టుకోవడానికి ఇద్దరు పోటీ పడే ఘట్టాన్ని కత్తియుద్ధం కన్నా ఉత్కంఠగా నడపవచ్చు.

ఐదవ మెట్టు: దువాత్‌ను డంజన్‌గా నిర్మించండి

దువాత్ మృతుల లోకం, రాత్రి 12 గంటల్లో సూర్యుడు పడవ మీద దాటే ప్రదేశం. దీనికి పటం మీరు గీయనక్కరలేదు, ఈజిప్షియన్లే గీశారు. దేర్ ఎల్ బెర్షాలో దొరికిన మధ్య రాజ్యపు శవపేటికల అడుగున రెండు దారుల గ్రంథం చిత్రించి ఉంది: నీలిరంగులో నీటి దారి, నల్లరంగులో నేల దారి, రెండూ మెలికలు తిరుగుతూ సాగుతాయి, మధ్యలో ఎర్రని అగ్నిసరస్సు. ఒక దారి నుంచి మరో దారికి అడ్డంగా దాటే వీలు లేదు. ఆ పటం నకలును బల్ల మీద పరిచి, మరణించిన పాత్ర బొమ్మను దాని మీద నడపండి.

ఘట్టాల కోసం మూడవ థుత్మోస్ రాజు సమాధి గోడల మీద పూర్తిగా ఉన్న అమ్‌దువాత్ అనే గ్రంథపు వర్ణనలను వాడుకోండి. నాలుగవ గంటలో నీరు లేక ఇసుక మీదే పడవను లాగవలసి వస్తుంది. ఆరవ గంటలో, నడిరాత్రి, సూర్యుడు మృతుల దేవుడైన ఒసిరిస్ దేహంతో కలిసి శక్తి పుంజుకుంటాడు. ఏడవ గంటలో అపెప్ అనే మహాసర్పం నీటిని మింగేసి దారికి అడ్డం పడుకుంటుంది, దాన్ని మంత్రంతో కట్టడి చేయాలి. మీ కథకు ఈ మూడు గంటలే చాలు. పన్నెండూ ఆడిస్తే ఆటగాళ్ళు అలసిపోతారు.

దువాత్‌లో అసలు ఆయుధం పేరు. మృతుల గ్రంథం ప్రకారం ద్వారపాలకుల పేర్లు చెబితేనే ద్వారాలు తెరుచుకుంటాయి. 125వ మంత్రంలోనైతే గుమ్మాలు, గడప, గడియ కూడా తమ పేరు చెబితేనే వదులుతామని నిలదీస్తాయి. కాబట్టి ఇక్కడ యుద్ధాన్ని చాలావరకు తీసేసి, జ్ఞానాన్ని తాళంచెవిగా పెట్టండి. మరణించిన పాత్ర ద్వారం దగ్గర నిలబడి ఉండగా, బతికున్న మిత్రులు థీబ్స్‌లో ఆ పేరున్న పపైరస్ కోసం వెతకాలి: ఆలయ గ్రంథాలయంలో చొరబడాలి, ముసలి లేఖకుణ్ణి ఒప్పించాలి, ఖాళీ చేసిన సమాధి గోడ చదవాలి. ఒక దృశ్యం ఇక్కడ, ఒక దృశ్యం అక్కడ నడిపితే ఎవరూ ఖాళీగా ఉండరు. పేరును డైస్ వేసి ఊహించే అవకాశం మాత్రం ఇవ్వకండి, ఇస్తే వెతుకులాటకు విలువ ఉండదు.

ఆరవ మెట్టు: హృదయాన్ని తూచండి

తీర్పు గదిలో అనూబిస్ దేవుడు త్రాసు సరిచేస్తాడు, ఒక పళ్ళెంలో హృదయం, మరో పళ్ళెంలో మాత్ ఈక, రాతకు దేవుడైన థోత్ ఫలితం రాసుకుంటాడు. పక్కన మొసలి తల, సింహపు ముందు దేహం, నీటిగుర్రపు వెనుక దేహం ఉన్న అమ్మిత్ కాచుకుని ఉంటుంది. 42 మంది న్యాయాధిపతుల ఎదుట మృతుడు తాను చేయని తప్పులను ఏకరువు పెడతాడు: తూకంలో మోసం చేయలేదు, పారే నీటికి అడ్డుకట్ట వేయలేదు, దేవతల నైవేద్యం దొంగిలించలేదు. ఇక్కడి కొలత మాత్, అంటే లోకాన్ని నిలిపే సత్యం, క్రమం. ఆటల్లో అలవాటైన మంచి–చెడు అలైన్‌మెంట్ పట్టికను ఈ గదిలోకి తీసుకురాకండి. దండయాత్రలో వంద మందిని చంపిన యోధుడు గట్టెక్కవచ్చు, పొరుగువాడి కాలువ మళ్ళించినవాడు చిక్కుకోవచ్చు.

మీరు దాచిన వాక్యాలను ఇప్పుడు హృదయమే పలుకుతున్నట్టు ఒక్కొక్కటిగా చదవండి. ఆటగాడు ప్రతిదాన్నీ ఒప్పుకోవాలి, లేదా సమర్థించుకోవాలి, లేదా కాదనాలి. కాదన్న మాట అబద్ధమైతే పళ్ళెం కిందికి దిగుతుంది. అయితే ఈజిప్షియన్లు దీనికీ ఒక ఉపాయం పెట్టుకున్నారు: నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకు అని హృదయాన్ని వేడుకునే మంత్రాన్ని పేడపురుగు ఆకారపు రాతి మీద చెక్కి ఛాతీ మీద పెట్టేవారు. ఆటలో ఆ తాయెత్తు మూడు వాక్యాలను మూయించగలదని పెట్టండి. తాయెత్తు మమ్మీ మీద ఉందా లేక 70 రోజుల్లో ఎవరైనా కాజేశారా అన్నది తేలేది ఈ క్షణంలోనే.

ఏడవ మెట్టు: అఖ్‌గా మారినవాడు ఏం చేయగలడు

అన్నీ గడిస్తే కా, బా కలిసి మృతుడు అఖ్ అవుతాడు, అంటే ప్రభావం గల తేజోరూపుడు. అతన్ని తిరిగి మనుషుల మధ్యకు తెచ్చే పునరుజ్జీవన మంత్రాన్ని ఈ క్యాంపెయిన్ నుంచి తొలగించమనే నా గట్టి సలహా. ఐసిస్ దేవత మహిమతో లేచిన ఒసిరిస్ కూడా బతికున్నవారి సింహాసనానికి తిరిగి రాలేదు, మృతులకు రాజయ్యాడు. దేవుడికి దక్కనిది మూడో లెవెల్ యోధుడికి దక్కకూడదు.

బదులుగా ఉత్తరాలున్నాయి. ఈజిప్షియన్లు చనిపోయిన బంధువులకు గిన్నెల మీద, పపైరస్ మీద ఉత్తరాలు రాసి సహాయం అడిగేవారు, ఒక్కోసారి నిలదీసేవారు. ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉన్న ఒక ఉత్తరంలో భర్త చనిపోయిన భార్యకు తానేమీ అన్యాయం చేయలేదని, అయినా ఎందుకు పీడిస్తున్నావని అడిగి, దేవతల సభలో దావా వేస్తానంటాడు. మీ ఆటగాళ్ళ చేత నిజంగానే ఉత్తరం రాయించండి. చదివి, అఖ్‌గా ఆడుతున్నవాడు ఒక్క సహాయం చేయవచ్చు: ఒక కల, ఒక జబ్బు నయం కావడం, లేదా ఒక శత్రువు మీదికి పీడ. ప్రతి సహాయానికీ కాలో 2 పాయింట్లు ఖర్చు కావాలి, అవి మళ్ళీ నైవేద్యాల వల్లే నిండాలి.

ఎనిమిదవ మెట్టు: శత్రువును కూడా ఇదే లెక్కతో చేయండి

ఈజిప్టును ఏలిన గ్రీకు రాజులు టోలెమీల కాలపు పపైరస్‌లో దొరికిన ఒక కథలో సెత్నే అనే రాజకుమారుడు థోత్ రాసిన మంత్రగ్రంథం కోసం నానెఫెర్‌కాప్తాహ్ సమాధిలో దిగుతాడు. మృతుడు ఆ గ్రంథాన్ని పందెంగా పెట్టి అతనితో పలక మీద గళ్ళ ఆట ఆడతాడు. ఆ మృతుడి భార్యాబిడ్డల దేహాలు దూరాన కోప్తోస్‌లో ఉన్నా వారి ఆత్మలు అతని దగ్గరే ఉంటాయి. చివరికి సెత్నే గ్రంథాన్ని తిరిగి ఇచ్చి, ఆ దేహాలను వెతికి తెచ్చి కలపవలసి వస్తుంది. ఈ నమూనాలో శత్రువు కోపానికి ఒక లోటు కారణం. అది తీరితే శత్రుత్వం ముగుస్తుంది. మీ ప్రతినాయకుడి షీట్‌లో కూడా అవే ఐదు గడులు గీసి, ఏది తెగిపోయిందో ముందే నిర్ణయించండి. సమాధి కూలిపోయినవాడికి కట్టడం కావాలి, పేరు చెరిగినవాడికి శిల్పి కావాలి, కా ఆకలితో ఉన్నవాడికి ఒప్పందం తప్పిన పూజారి కావాలి. కొట్టి చంపడం ఇక్కడ పనికిరాదు, అతను ముందే చచ్చాడు.

ఇక అమ్మిత్ హృదయాన్ని మింగిన పాత్ర సంగతి. ఈజిప్షియన్లు దీన్ని రెండవ మరణం అన్నారు, దీని తరువాత ఏమీ లేదు. ఇలాంటి ముగింపు తమకు సమ్మతమేనా అని ఆటగాళ్ళను క్యాంపెయిన్‌కు ముందే అడిగి, ఒక్కరు వద్దన్నా ఆ నియమాన్ని తీసేయండి. అందరూ ఒప్పుకుంటే ఆ పాత్ర షీట్ మూసేసి, ఆటగాడికి అదే ఊరివాడైన కొత్త పాత్ర ఇవ్వండి. పాత పాత్ర పేరు గోడల మీద ఇంకా చెక్కే ఉంటుంది కాబట్టి, దాన్ని అలాగే ఉంచాలా, ఉలితో తీసేయాలా అన్న నిర్ణయాన్ని కొత్త పాత్ర మొదటి సెషన్‌లోనే అతని ముందు పెట్టండి.